మడత వెయ్యని గుడ్డ

మే 12

చెల్లాయికి,

నిజం చెప్పొద్దూ, ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నీ కవరు వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని మిషను సొరుగులో బాబిన్ల కిందికి తోసేసి, సూది కోసం సొరుగు లాగినప్పుడల్లా మొహం తిప్పుకుంటున్నాను. సగం ఊరి ఆడవాళ్ళకి జాకెట్లూ గౌన్లూ బాడీలూ కుట్టి తల నెరిసినవాణ్ణే. కానీ సొంత చెల్లెలు తన లోబట్టల కొలతలు రాసి, "వీటికి నమూనా కాగితాలు కత్తిరించి పంపు అన్నయ్యా, ఇంట్లో నేనే కుట్టుకుంటాను" అంటే, ఆ అంకెలు చూడటానికి కళ్ళజోడు పెట్టుకోవాలో తియ్యాలో తెలియలేదు.

మీ వదిన రెండు రోజులు చూసింది. "డాక్టరుకి లేని సిగ్గు దర్జీకెందుకండీ? అది అడిగింది చెయ్యండి" అంది. సరే, చేశాను.

ఇంతకీ నీకీ సరదా ఎందుకు పుట్టింది? బజారులో డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు కదా. మీ ఆయన రాసిన ఉత్తరంలో "చిన్న గడ్డ, ఆపరేషను చేసి తీసేశారు, కంగారేమీ లేదు" అని ఉంది. నాన్న వీపు మీద ఉండేదే, ఉసిరికాయంత, అలాంటిదే అనుకున్నాను. ఆయన దాన్ని చివరిదాకా మోశాడు, చొక్కా కుట్టినప్పుడల్లా అక్కడ కాస్త వదులు పెట్టమనేవాడు. నువ్వు తీయించుకున్నావు, మంచిదే. సెలవులో ఉన్నావు, పొద్దుపోవడం లేదు, మిషను ముందు కూర్చున్నావు. బడిపిల్లలందరినీ ఎండలో నిలబెట్టి విజిలు ఊదే డ్రిల్లు టీచరమ్మకి ఇంట్లో ఊదడానికి ఎవరూ దొరకరు మరి.

కాగితాల వెనక వార్తలున్నాయి, చదువుకో. నా చదువంతా అలాంటిదే కదా. ఒక్కరోజు బళ్ళో కూర్చున్న పాపాన పోలేదు, నమూనాలు కత్తిరించే పాత పేపర్ల మీదే అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకే నాకు ప్రపంచంలో జరిగిన ప్రతి సంగతీ చంక దగ్గర ఆగిపోతుంది. ఒక ఓడ మునిగిపోతోందని చదివాను ఒకసారి. మునిగిందో తేలిందో ఎవరి జాకెట్టులోకి పోయిందో ఇప్పటికీ తెలియదు.

ఇక పని. గుడ్డ ఎప్పుడూ మధ్యకి మడిచి పరుచు. మడత మీద కాగితం పెట్టి ఒక్క వైపే కత్తిరించు. విప్పితే రెండో వైపు దానంతటదే వస్తుంది. మనిషిని దేవుడు మడత మీదే కత్తిరించాడు, దర్జీ కొత్తగా చేసేదేమీ లేదు. ఈ ఒక్క మాట మా గురువు నాకు నేర్పించడానికి ఎన్ని స్కేలు దెబ్బలు కొట్టాడో.

ఫోను చేస్తే సరిపోయేదిగా అనకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోనులో నువ్వు అరవాలి, నేను అరవాలి, వీధి వీధంతా నీ లోబట్టల గురించి వినాలి.

ఒళ్ళు జాగ్రత్త.

నీ చెవిటి అన్న

మే 20

అన్నయ్యా,

కాగితాలు అందాయి. నేను నీకు రెండు వరసల కొలతలు పంపాను. కుడి పక్కది ఒకటి, ఎడమ పక్కది ఒకటి. నువ్వు కుడి వరస మాత్రం చూసుకుని, మడత మీద కత్తిరించేసి పంపావు. నాకు రెండు పక్కలూ వేరువేరుగా కావాలి. ఎందుకని అడక్కు.

ఎడమ పక్కన లోపల జేబు లాంటిది ఉండాలి, పైన తెరిచి ఉండేలా. చేతులు పైకెత్తితే బాడీ పైకి పాకకూడదు. ఇది ముఖ్యం. మిగతావన్నీ నీ ఇష్టం.

నాకు పొద్దుపోకపోవడం కాదు. జూన్‌లో బడి తెరుస్తారు. పొద్దున్నే పిల్లలంతా మైదానంలో నిలబడతారు, నేను సిమెంటు దిమ్మ మీద తెల్ల చొక్కా వేసుకుని రెండు చేతులూ ఆకాశానికెత్తాలి. నేనెత్తితే వాళ్ళెత్తుతారు. హెడ్మిస్ట్రెస్ కబురు పంపింది, "ఓపిక లేకపోతే చెప్పండి మేడం, మిమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి ఇంకొకళ్ళని చూసుకుంటాం" అని. ఆ లైబ్రరీ నువ్వు చూడలేదు. విరిగిన బెంచీలు పెట్టే గదికి పక్క గది. అక్కడికి ఎవరూ పుస్తకాల కోసం రారు, కడుపునొప్పి వచ్చిన పిల్లలు పడుకోవడానికి వస్తారు. నేను ఆ దిమ్మ ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కనివ్వరు అన్నయ్యా. నేను దిగను.

బజారుకీ వెళ్ళాను, వెళ్ళలేదనుకోకు. కొట్లో అమ్మాయి నవ్వుతూ డబ్బాలు దించి, "సైజు చెప్పండి మేడం" అంది. ఏం చెప్పమంటావు? జేబురుమాళ్ళు కొనుక్కుని వచ్చేశాను.

కాగితాలు తొందరగా పంపు. వదిన మోకాలు ఎలా ఉంది?

చెల్లి

మే 27

డ్రిల్లమ్మకి,

నీ రెండు వరసలూ చూశాను. అప్పుడే చూశాను, ఇప్పుడు మళ్ళీ చూశాను. తప్పు కొలిచావు తల్లీ. ఎడమ పక్క ఆ అంకె ఏ మనిషికీ ఉండదు, బల్లకి ఉంటుంది. టేపు మెలిపడి ఉంటుంది, లేకపోతే అద్దం ముందు ఓ పక్కకి ఒరిగి కొలుచుకుని ఉంటావు. ఎవరి కొలతలు వాళ్ళు తీసుకోకూడదంటారు మా వాళ్ళు, ఎవరి వీపు వాళ్ళకి కనపడదు కనక.

నీలాగే ఒకావిడ ఉండేది, వయొలిన్ వాయించేది. ఎడమ భుజం దిగిపోయి ఉండేది. నాకంటే ముందు కుట్టినవాళ్ళంతా ఆ భుజానికి తగ్గట్టు వంకరగానే కుట్టి పంపారు. నేను మడత మీద సమంగా కత్తిరించి, దిగిన భుజంలో చిన్న మెత్త పెట్టాను. ఆవిడ అద్దంలో చూసుకుని "నేనేనా మాస్టారూ" అంది. ఆ తర్వాత కచేరీకి వెళ్తే అందరూ... ఆ కథ ఇప్పుడెందుకులే, పెద్దది. చెప్పొచ్చేదేమిటంటే, ఒంట్లో వంకర ఉంటే గుడ్డలో వంకర పెట్టకూడదు. కాబట్టి నీ ఎడమ అంకె కొట్టేసి, కుడి దానితో సరిచేసి, రెండు పక్కలకీ సమంగా మళ్ళీ కత్తిరించి పంపుతున్నాను. ఈసారి ఇంకాస్త గట్టి కాగితం మీద.

జేబు సంగతి మాత్రం అర్థం కాలేదు. బీరువా తాళాలు దాచుకోవడానికా? మీ ఆయన మీద అంత నమ్మకమా? లేక విజిలు పెట్టుకోవడానికా? ఊపిరి తీసినప్పుడల్లా అదే కుయ్యిమంటే పిల్లలు నిద్రలో కూడా బారులు తీరతారు. ఎప్పుడో ఒకసారి ఒకావిడకి అలా జేబు పెట్టి ఇచ్చాను, రైల్లో ఒంటరిగా పోతానంటే. నీకు రైలూ లేదు, పాడూ లేదు. జేబు వద్దు. కుట్టు లావవుతుంది, ఒరుసుకుంటుంది.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపిస్తుంటే సగంలో లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. వచ్చి, "దాని కొలతలు అది రాసినట్టు కత్తిరించండి. మీ తెలివితేటలు మీ దగ్గరే ఉంచుకోండి" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దానికి మోకాలు నొప్పి ఎక్కువైనప్పుడు నా మీద కోపం ఎక్కువవుతుంది, కాబట్టి మోకాలు బాగాలేదని అర్థం చేసుకో.

అన్నయ్య

జూన్ 4

అన్నయ్యా,

నువ్వు సరిచేసి పంపిన కాగితాలు పెట్టి ఒకటి కుట్టాను. మడత మీదే కత్తిరించాను. చక్కగా వచ్చింది, రెండు పక్కలూ సమంగా. వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఎడమ పక్కన ఖాళీ సంచిలా వేలాడింది. పాత గుడ్డలు కుక్కాను. చేతులెత్తాను. కుక్కినదంతా పైకి పాకి గొంతు కింద కూర్చుంది, కప్ప మింగినట్టు.

టేపు మెలిపడలేదు. నేను ఒరగలేదు. నాకు ఎడమ రొమ్ము లేదు. గడ్డ దాన్లో ఉంది. మొత్తం తీసేశారు. అక్కడ అడ్డంగా ఒక కుట్టు ఉంది, నువ్వు చూస్తే ఇంత అధ్వాన్నంగా ఎవడు కుట్టాడని అడుగుతావు. ఆ పక్కది బల్ల కొలతే. సరిగ్గానే కొలిచాను.

వదినకి తెలుసు. ఆసుపత్రిలో నా పక్కన ఉన్నది ఆవిడే, మోకాలి వైద్యానికని నీతో చెప్పి వచ్చింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేను. నువ్వు బాధపడతావని కాదు. నీ నోట్లో నువ్వుగింజ నానదని. నువ్వు చెడ్డవాడివి కావు, కానీ నీకు ప్రతిదీ కథే. నీ కొట్లో బల్ల ముందు నిలబడినవాళ్ళు గుండీలు కుట్టించుకునేలోపు మన పెదనాన్న మూడో పెళ్ళి దగ్గర్నుంచీ అన్నీ వినేసి వెళ్తారు.

బళ్ళో ఎవరికీ తెలియదు. గడ్డ అని మాత్రమే తెలుసు. తెలిస్తే నన్ను ఎవరూ తిట్టరు అన్నయ్యా, అదే నా భయం. జాలిపడతారు. "పాపం మేడం, మీరెందుకు ఎండలో" అంటారు. నెమ్మదిగా చెయ్యి పట్టుకుని దిమ్మ దింపేస్తారు. తిట్టి దింపితే దెబ్బలాడగలను. జాలిపడి దింపేవాళ్ళతో ఎలా దెబ్బలాడాలి?

రెండో మనిషికి చెప్పకు. మీ కొట్లో కాజాలు కుట్టే అమ్మాయికి కూడా.

నేను అడిగింది అడిగినట్టు కత్తిరించి పంపు. చాతకాకపోతే ఆ మాటే రాయి, ఇంకెవరినైనా చూసుకుంటాను.

చెల్లి

జూన్ 7

చెల్లీ,

ఉత్తరం చదివి కొట్టు తలుపులు వేసేశాను. మీ వదిన లోపల్నుంచి వచ్చి చూసి, లైటు వేసి వెళ్ళింది. మా ఇద్దరికీ ఇవాళ మాటలు లేవు.

ఏం రాయాలో తెలియక గుడ్డ సంగతే రాస్తున్నాను.

బల్ల మీద గుడ్డ మడత లేకుండా పరిచాను. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ పరచలేదు. సగమే చూసి అలవాటుపడ్డ కంటికి అది బల్లంతా ఆక్రమించుకున్నట్టు కనపడింది. కుడి పక్క మామూలుగా, రెండు ముక్కలు కలిపి గిన్నెలా. ఎడమ పక్క చదునుగా, రెండు పొరలు. లోపలి పొరకి బాగా ఉతికి మెత్తబడ్డ పాత గుడ్డ వాడు, కుట్లన్నీ బయటి వైపుకి తిప్పు, మచ్చకి దారం తగలకూడదు. రెండు పొరలకీ మధ్య పైన తెరిచిపెట్టు. అదే నువ్వడిగిన జేబు.

అందులో పెట్టే సంచిలో దూది వద్దు. దూది తేలిక, అందుకే పైకి పాకింది. ఆవాలు పోస్తే బరువు సరిపోతుంది, కదలిక కూడా మెత్తగా ఉంటుంది, కానీ నీ మైదానంలో నీ చెమటకి అవి మొలకెత్తినా ఎత్తుతాయి. సన్న గాజుపూసలు పొయ్యి. కుడి దాన్ని చేత్తో తూచి చూసుకుని సమానంగా పొయ్యి. ఇవి అన్న చెల్లెలికి రాయాల్సిన మాటలు కావు. రాస్తున్నాను.

ఇక పాకడం. భుజాల పట్టీలు బిగిస్తే ఆగదు, భుజమే పైకి లేస్తుంది కదా. కిందికి లాగేది ఉండాలి. బాడీ అడుగున ఎడమ పక్క ఒకటి, వెనక ఒకటి సన్న నాడాలు దించి, చివర ఎలాస్టిక్ ముక్క కలిపి, లోపలి చెడ్డీ నడుముపట్టీకి గుండీలతో తగిలించు. చెయ్యెత్తినప్పుడు లాగుడంతా నడుము మీదికి పోతుంది. బజారు చెడ్డీ ఈ లాగుడికి ఆగదు, జారిపోయి ఇంకో భాగోతం అవుతుంది. అందుకని చెడ్డీ కూడా నువ్వే కుట్టుకో. నడుముపట్టీ వెడల్పుగా, గుడ్డ ఐమూలగా కత్తిరించి కుట్టు, ఒంటితో పాటు సాగుతుంది. దానికీ కాగితం పెట్టాను. కాగితాలన్నిటి మీదా కుడి, ఎడమ అని పెద్ద అక్షరాలతో రాశాను.

నేనే కుట్టి పంపనా అనుకున్నాను. మీ వదిన వద్దంది. "దాని చేత్తో అది కుట్టుకోనివ్వండి" అంది.

ఎవరికీ చెప్పను. ఒట్టు.

అన్నయ్య

జూన్ 24

అన్నయ్యా,

ఆగింది.

మొదటిది పాడైంది, నాడా పొట్టిదై నన్ను గూనిదాన్ని చేసింది. రెండోదానికి పూసలు ఎక్కువ పోశాను. మూడోది ఆగింది. బడి తెరిచి వారమైంది. రోజూ పొద్దున్నే తెల్ల చొక్కాలో చేతులెత్తుతున్నాను. ఎడమ చెయ్యి పూర్తిగా పోవడం లేదు, చెవి దాకా వెళ్ళి అక్కడ వణుకుతుంది. పిల్లలూ అలాగే చెవి దాకా ఎత్తి ఆపుతున్నారు, కొత్త కసరత్తు అనుకుంటున్నారు. బడంతా చెవి దాకా చేతులెత్తి నిలబడితే చూడాలి నువ్వు. నవ్వాపుకోలేక విజిలు ఊదేశాను.

కుట్టేటప్పుడు ఎడమ చేత్తో గుడ్డ తోయడం, కుడి చేత్తో చక్రం తిప్పడం రెండూ కుదరలేదు. మీ బావ వచ్చి చక్రం తిప్పాడు. గోడకేసి చూస్తూ తిప్పాడు. "ఈ వయసులో నిన్నెవరు చూడొచ్చారని ఇదంతా" అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు. ఇంటికొచ్చాక ఆయన ఎటు చూస్తున్నాడో నేను గమనించని రోజు లేదు. గోడని చూస్తాడు. మా ఇంటి గోడలు ఇంత బాగుంటాయని పెళ్ళయ్యాక ఇప్పుడే తెలుసుకున్నాడు.

పోనీలే. దిమ్మ మీద ఉన్నంతసేపు నేను నేనుగా ఉన్నాను. నీ నాడాల వల్ల. ఇంకో రెండు జతలు కుట్టుకుంటున్నాను, ఉతికి ఆరేసినవి మిగతా బట్టల కింద దాచి.

మొదటిసారి నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క కథ కూడా లేదు అందులో.

నీ చెల్లి

జూలై 2

చెల్లాయికి,

"ఆగింది" అన్న ముక్క చదివి కొట్లోనే లేచి నిలబడ్డాను. కాజాల అమ్మాయి కరెంటు షాకు కొట్టిందనుకుంది. మీ వదిన నాతో మాట్లాడటం మొదలుపెట్టింది, పూర్వంలాగే అన్నిటికీ తిడుతూ.

నా జీవితంలో చాలా కుట్టాను కానీ, చాలావరకు కుట్టిన మర్నాడే మర్చిపోయాను. ఇది మర్చిపోలేకపోతున్నాను. పొద్దున్న లేస్తే నీ నాడాలే. ఎలాస్టిక్ ముక్క నాడా పైన వెయ్యాలా, అడుగున వెయ్యాలా? అడుగునే మేలు, గుండీ దగ్గర. నువ్వు ఎక్కడ వేశావు?

ఇలాంటి పనితనం ఎవరికీ చెప్పుకోకుండా ఎలా ఉంటాడు మనిషి? నీ ఒట్టు గుర్తుంది, కంగారుపడకు. మొన్న ఒకావిడ గౌను కొలతలకి వచ్చింది, మర్యాదస్తురాలు, పాల కేంద్రంలో గుమస్తా. తనకి ఒక భుజం ఎక్కువని వాళ్ళాయన వెక్కిరిస్తాడట, బాధపడింది. ఆవిడ ధైర్యం కోసం చెప్పాను, అమ్మా, లోకంలో ఎంతెంత వాళ్ళున్నారో, ఒక మనిషికి ఇలా ఆపరేషనయ్యింది, ఆవిడ తన లోబట్టలు తనే కుట్టుకుని మగరాయుడిలా నిలబడింది అని. పేరు చెప్పలేదు. ఊరు చెప్పలేదు. నాకేమవుతుందో చెప్పలేదు. డ్రిల్లు టీచరని మాత్రం అన్నాను. అది చెప్పకపోతే చేతులెత్తే సంగతి అర్థం కాదు కదా, చేతులు లేకపోతే నాడా ఎందుకో అర్థం కాదు. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "మహాతల్లి" అంది నిన్ను. భుజం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చూశావా, ఎవరో తెలియకుండానే నీ వల్ల ఒక మనిషి నిటారుగా నడిచి వెళ్ళింది.

వర్షాలు మొదలయ్యాయి ఇక్కడ. గుడ్డ చెమ్మగా ఉంటోంది, చాక్‌పీసు పడటం లేదు.

అన్నయ్య

జూలై 19

అన్నయ్యా,

పాల కేంద్రం గుమస్తా ఆడపడుచు మా బళ్ళో లెక్కలు చెప్తుంది.

నువ్వు పేరు చెప్పలేదు. నిజమే. రొమ్ము తీయించుకుని, తెల్ల చొక్కా వేసుకుని, వేసవి సెలవుల తర్వాత చేతులు చెవుల దాకా ఎత్తే డ్రిల్లు టీచర్లు ఎంతమంది ఉంటారనుకున్నావు?

ముందు టీచర్ల గదిలో నేను వెళ్ళగానే మాటలు ఆగిపోవడం మొదలైంది. తర్వాత నా కుర్చీ మీద ఎవరో మెత్త వేశారు. తర్వాత లెక్కల టీచరు నా చెయ్యి పట్టుకుని, "మీరు లోపల కట్టుకునే ఆ నాడాల ఏర్పాటు చాలా బాగుందట మేడం" అంది. పదిమంది ముందర. బడి అటెండరు మంచినీళ్ళు ఇస్తూ మొహం కాదు, చొక్కా చూశాడు.

సోమవారం హెడ్మిస్ట్రెస్ పొద్దున్నే మైదానంలోకి వచ్చింది. నేను దిమ్మ మీద ఉన్నాను. నా పక్కన నిలబడి మైకులో పిల్లలకి నా ధైర్యం గురించి చెప్పింది. ఏ జబ్బో చెప్పింది. ఎక్కడో చెప్పింది. చప్పట్లు కొట్టించింది. చప్పట్లు కొడుతూ బడి మొత్తం, చిన్న తరగతి పిల్లలతో సహా, నా చొక్కాలో ఏ పక్కదో వెతికింది. నేను చేతులు దించి నిలబడ్డాను.

ఆ సాయంత్రం పిలిచి, "ఇంత కష్టంలో మీ చేత ఎండలో పని చేయిస్తే మేం మనుషులం కాదు మేడం" అంది. వద్దన్నాను. "మీ మొహమాటం మాకు తెలుసు" అంది. గట్టిగా వద్దన్నాను. "ఆవేశపడకండి, ఒంటికి మంచిది కాదు" అంది. అరిచాను. నా మీద జాలి ఇంకాస్త ఎక్కువైంది. కొత్త డ్రిల్లు టీచరు శుక్రవారం వచ్చింది, చిన్నపిల్ల, చేతులు నిటారుగా పోతాయి.

లైబ్రరీలో కూర్చున్నాను. ఈ ఉత్తరం అక్కడే రాస్తున్నాను. ఒక పిల్ల కడుపునొప్పని బెంచీ మీద పడుకుని ఉంది.

నువ్వు ఆవిడ ధైర్యం కోసం చెప్పలేదు. కథ బాగుందని చెప్పావు. ఇంక నాకు రాయకు.

జూలై 26

చెల్లీ,

రాయొద్దన్నావు. ఇది చదివి ఆ తర్వాత చింపెయ్యి.

నేను నీ గురించి చెడ్డ మాట ఒక్కటి కూడా అనలేదు. పొగిడాను. ఊళ్ళో అన్నలు చెల్లెళ్ళ గురించి ఎలా చెప్పుకుంటారో విను, అప్పుడు తెలుస్తుంది. ఆ గుమస్తావిడ గౌను పట్టుకెళ్ళడానికి వస్తే నిలదీశాను. "అయ్యో మాస్టారూ, మేమూ మెచ్చుకునే కదండీ చెప్పుకున్నాం" అంది. ఆవిడ మెచ్చుకుంది, వాళ్ళ ఆడపడుచు మెచ్చుకుంది, మీ హెడ్మిస్ట్రెస్ మెచ్చుకుంది. ఇంతమంది మెచ్చుకుని ఒక మనిషిని పాతరెయ్యడం ఎక్కడా వినలేదు. అందరికంటే ముందు మెచ్చుకున్నది నేనే అంటావు. అను.

ఊరికే కూర్చోలేదు. మీ హెడ్మిస్ట్రెస్‌కి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. మా చెల్లెలికి ఏ ఇబ్బందీ లేదు, ఆ బాడీ నేను చెప్పిన పద్ధతిలో కుట్టింది, ఎంత గెంతినా కదలదు, నాడాలూ గుండీలూ ఎలా పనిచేస్తాయో బొమ్మ గీసి మరీ చూపించాను. పూసల బరువు కూడా నీ కుడి కొలతని బట్టి లెక్కగట్టి రాశాను, అనుమానం ఉండకూడదని. నా పనితనానికి నాదే పూచీ, నా చెల్లెల్ని దిమ్మ ఎక్కించండి అని సంతకం పెట్టాను. అంత విడమర్చి చెప్పాక ఏ మనిషైనా ఒప్పుకోక తప్పదు. మీ వదినకి చెప్పకుండా పోస్టు చేశాను. చెబితే ఏదో ఒకటంటుంది.

ఒక్క ముక్క రాయి.

అన్నయ్య

ఆగస్టు 8

నీ నాలుగు పేజీలూ అందాయట. బొమ్మ టీచర్ల గదిలో చేతులు మారింది. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, "మీ అన్నయ్యగారు పెద్దవారు, ఏమీ అనకండి ఆయన్ని" అంది. నీ మీద కూడా జాలిపడింది.

ఇంటి నిండా మనుషులున్నా నా చొక్కా లోపల నాకు ఒక్కదానికే తెలిసింది ఒకటి ఉండేది. దాని కొలత కూడా పంచిపెట్టావు.

సెప్టెంబరు 11

చెల్లీ,

నీకు అందుతాయో, చదవకుండా పొయ్యిలో పెడతావో తెలియదు. మీ వదిన "ఇంక చాల్లెండి" అంటూనే ఉంది. రాయకపోతే ఏమీ తోచడం లేదు. కొట్లో మాట్లాడటం తగ్గించాను. తగ్గిస్తే జనం ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు. బాగానే ఉందని చెప్పడానికి మళ్ళీ మాట్లాడాల్సి వస్తోంది. ఒకావిడైతే మాస్టారికి మతిమరుపొచ్చిందని తీర్మానించి, తన కొలతలు తనే కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళింది.

నా వైపు న్యాయం చెప్పుకుందామని మూడుసార్లు కూర్చున్నాను. చెప్పడం మొదలుపెడితే కథలా వస్తోంది. ఆపేశాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది, మీ వదిన పేరున. పోస్టుమాన్ దగ్గర నేనే తీసుకుని ఇచ్చాను. నిలబడే చదువుకుని మళ్ళీ కవర్లో పెట్టేసింది. "ఎలా ఉందిట?" అన్నాను. "బాగానే ఉందిట" అంది. సాయంత్రం కొట్లోకి వచ్చి, మెత్తటి తెల్ల గుడ్డ, నీ బాడీ లోపలి పొరకి పనికొచ్చేలాంటిది, రెండు మీటర్లు కావాలంది. కొలిచి, చించి ఇచ్చాను. చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

అన్నయ్య